ఎడారికి పోదామంటున్నారు, నన్నెవరూ అడగలేదు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 47 ఏళ్లు, ఇంటికి పెద్ద కోడలిని. మామయ్య కాజీపేటలో రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. 76 ఏళ్లు, షుగర్, మోకాళ్ల నొప్పులు. అత్తమ్మకు 70, బీపీ ఉంది. ఇద్దరూ మా దగ్గరే ఉంటారు. మా ఆయనది ఎనుమాముల మార్కెట్లో కమీషన్ వ్యాపారం. పెద్ద మరిది డల్లాస్‌లో, చిన్న మరిది బెంగళూరులో, ఆడబిడ్డ కరీంనగర్‌లో ఉంటారు. అందరం ఒకచోట కలిసి చాలా ఏళ్లయింది. ఈ డిసెంబర్‌లో డల్లాస్ వాళ్లు వస్తున్నారు. పిల్లాజెల్లా కలిపి 17 మందిమి జైసల్మేర్ దగ్గరి ఎడారి నేషనల్ పార్క్‌కు పోదాం, టెంట్లలో ఉందాం, ఖర్చంతా నాదే అని మరిది వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. అందరూ ఓకే అనేశారు. అత్తమ్మేమో పిల్లలంతా వస్తే మేడారం పోయి మొక్కు తీర్చాలంటుంది. పత్తి సీజన్‌లో కొట్టు వదిలి రాలేనని మా ఆయన అంటున్నారు. అందరం ఉంటాం కదా, కాజీపేట ఇంటి సంగతి కూడా అక్కడే తేల్చుకుందామని ఆడబిడ్డ. మామయ్య ఈ కాళ్లతో రాలేరని నేను గ్రూప్‌లో రాస్తే, ‘వదినకు ఎప్పుడూ ఏదో ఒకటి’ అని మరిది అన్నాడట. రెండు రోజులు అన్నం సహించలేదు. మామయ్య మాత్రం మొన్న మా బాబును పిలిచి, జైసల్మేర్ లైను బ్రాడ్‌గేజ్ చేసేశారా అని అడుగుతున్నారు. టికెట్లు కొంటామని అంతా తొందరపెడుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ బ్రాడ్‌గేజ్ మాట. జోధ్‌పూర్ అవతలి లైన్లన్నీ ఒకప్పుడు మీటర్‌గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు తక్కువ ఉన్నవి. కాజీపేటలో పనిచేసిన మనిషికి ఆ సంగతి గుర్తుంది. పోవాలని లేని మనిషి లైను గురించి ఆరా తీయడు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఈ మొత్తం వ్యవహారంలో మామయ్యను ‘మీకు రావాలని ఉందా’ అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మరిది ఆయన్ని లెక్కలో వేసేసుకున్నాడు. మీరు తీసేశారు.

మోకాళ్ల నొప్పి నిజమే, కాదనను. కానీ మీరు గ్రూప్‌లో రాసిన ఆ ఒక్క ముక్క వెనక మీ సొంత మాట ఒకటి ఉన్నట్టు నాకు అనిపించింది. నన్నెవరూ అడగలేదు, వాళ్లు వచ్చిన ప్రతిసారీ వంటింట్లో ఉండేది నేనే, అక్కడికి పోయినా మందులు, పథ్యం, వేడినీళ్లు చూసుకునేది నేనే. ఇది చాలా న్యాయమైన మాట. దాన్ని మీ పేరు మీద చెప్పకుండా మామయ్య మోకాళ్ల మీద పెట్టారు. దాంతో మరిదికి అది సాకులా వినిపించింది. ఇప్పుడు అతను వీల్‌చైర్ ఏర్పాటు చేస్తానంటే మీ దగ్గర జవాబు ఉండదు. మీ కష్టం మాత్రం అలాగే ఉండిపోతుంది.

‘అన్నాడట’ అని రాశారు. అంటే ఆ మాటను ఎవరో మోసుకొచ్చి మీకు చెప్పారు. దాన్ని అక్కడే వదిలేయండి. దాని మీద నిలదీస్తే చెప్పినవాళ్లూ అన్నవాళ్లూ ఒకటైపోతారు.

గ్రూప్‌లో ఇంకేమీ రాయకండి. శనివారం సాయంత్రం మరిదికి ఫోన్ చేయండి, వాళ్లకు పొద్దున అవుతుంది. మీ ఆయన పక్కన ఉంటే మంచిది, కానీ మాట్లాడేది మీరే. ‘నువ్వు అందరినీ కలపాలనుకున్నావు, నాకు సంతోషమే. కానీ ఇంట్లోనైనా, అక్కడైనా పని నా మీదే పడుతుందని భయంగా ఉంది. ఎవరెవరు ఏం చూసుకుంటారో తేలాకే టికెట్లు కొందాం’ అనండి. వదినగా అంత చెప్పే చనువు మీకుంది. మామయ్య ఆరోగ్యం గురించి అడిగితే ‘మామయ్యనే అడుగు’ అని ఫోన్ ఆయన చేతికివ్వండి.

దానికంటే ముందు మామయ్యతో, అత్తమ్మతో మీరు విడివిడిగా మాట్లాడాలి. ఇద్దరినీ కలిపి అడిగితే ఒకరి కోసం ఒకరు సరే అనేస్తారు. వస్తారా రారా అని అడగకండి. ఎంతసేపు కూర్చోగలరు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఏం చూడాలని ఉంది అని అడగండి. తర్వాత ఇద్దరినీ వాళ్లను మామూలుగా చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పోవచ్చా లేదా అనే తీర్పు అక్కడ రావాలి. మీరు చెప్తే అది మీ తీర్పు అవుతుంది, డాక్టర్ చెప్తే దాని మీద వాదన ఉండదు.

ఇక ఎడారి సంగతి. మరిది చెప్పిన చోటు అంత పనికిమాలిన ఆలోచనేమీ కాదు. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న పార్క్ అది. అంతా ఇసుక తిన్నెలే కాదు, రాళ్ల నేల, గడ్డి మైదానాలు కూడా ఉంటాయి. ఒకప్పుడు మన ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో కనిపించిన బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇప్పుడు ప్రధానంగా అక్కడే మిగిలింది. దేశం మొత్తం మీద 150 లోపే ఉంటాయని అంచనా. పిల్లలకు ఒంటె సవారీ కంటే ఇది చూపించాలని నేనంటాను. కనిపిస్తుందన్న హామీ మాత్రం లేదు. డిసెంబర్ చివర పగలు ఎండ హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం చలి పది డిగ్రీల కిందికి దిగిపోతుంది, మన దగ్గర సంక్రాంతి ముందు పడే చలి దాని ముందు చాలదు. ఇది చదివాక టెంట్ గురించి మీరే ఒక మాట అనుకుని ఉంటారు.

పెద్దవాళ్లను టెంట్‌లో పడుకోబెట్టకండి. ఇది మాత్రం కచ్చితంగా చెప్తాను. సామ్ ఇసుక తిన్నెలు జైసల్మేర్ ఊరి నుంచి సుమారు 40 కిలోమీటర్లు, కారులో గంటలోపు ప్రయాణం. పెద్దవాళ్లకు ఊళ్లో లిఫ్ట్ ఉన్న హోటల్ తీసుకోండి. కోట లోపల వద్దు, ఎత్తు ఎక్కాల్సి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి బయలుదేరి తిన్నెల దగ్గర సూర్యాస్తమయం చూసి, చీకటి పడగానే వెనక్కి వచ్చేయొచ్చు. కుర్రాళ్లు, ఇష్టమున్నవాళ్లు ఒక రాత్రి టెంట్లలో ఉంటారు. 17 మందీ ఒకే కప్పు కింద పడుకుంటేనే కలిసినట్టు అని ఎవరూ అనుకోనక్కర్లేదు. సామ్ దగ్గరి క్యాంపుల్లో చాలావాటిలో రాత్రి డీజే మోత ఉంటుంది. ప్రశాంతంగా కావాలంటే ఖూరీ అనే ఊరి వైపు చూడమనండి.

మెత్తటి ఇసుకలో నడక మోకాళ్లకు పరీక్షే. సామ్‌లో తిన్నెలు రోడ్డుకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి రెండు మడత కుర్చీలు కారులో వేసుకుంటే అంచునే కూర్చుని చూడొచ్చు. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది, పైనున్న మనిషి ముందుకు విసిరేసినట్టవుతాడు. మామయ్యకు అది వద్దు, ఒంటె బండి మాట్లాడండి. జీపుల్లో తిన్నెల మీద ఎగరేసే సరదా నడుము నొప్పి ఉన్నవాళ్లెవరికీ వద్దు. ఇంకొకటి, పొడి గాలిలో దాహం తెలియదు. పైగా పెద్దవాళ్లు బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. గంటకోసారి గ్లాసు అందించే పని ఒక మనవరాలికి అప్పగించండి. ఇన్సులిన్ వాడుతుంటే చేతి సంచిలోనే ఉండాలి, విమానంలో లగేజీలో వేసేస్తే పాడవుతుంది. అక్కడి దాల్ బాటీ చూర్మా నెయ్యిలో మునిగి ఉంటుంది, ఒకపూట రుచి చూడొచ్చు. మిగతా పూటలకు అన్నం, పప్పు చేసిపెట్టే హోటల్ ముందే చూసుకోవాలి. మన పెద్దవాళ్లు రెండు పూటలు అన్నం లేకపోతే ఊరు మీదే అలుగుతారు!

ప్రయాణమే అసలు కష్టం. హనుమకొండ నుంచి శంషాబాద్, అక్కడి నుంచి జోధ్‌పూర్‌కు విమానం, నేరుగా దొరక్కపోతే మధ్యలో మారాలి. చలికాలంలో కొన్ని నగరాల నుంచి జైసల్మేర్‌కే విమానాలు ఉంటాయి, అదీ చూడమనండి. జోధ్‌పూర్‌లో ఒక రాత్రి ఆగండి. అక్కడి నుంచి జైసల్మేర్ రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు, ఐదు గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. అదే దూరం రైల్లో పోతే మామయ్య లేచి నడవొచ్చు, బాత్రూమ్ ఉంటుంది, కాళ్లు చాపుకోవచ్చు. రిటైరయ్యాక ఇచ్చే రైల్వే పాసు ఆయన దగ్గర ఉండే ఉంటుంది. జోధ్‌పూర్ నుంచి ఆయన, అత్తమ్మ, ఇద్దరు ముగ్గురు మనవలు రైల్లో, మిగతావాళ్లు బండ్లలో పోతే నాకు బాగుంటుందనిపిస్తోంది. దారిలో పోఖ్రాన్ స్టేషన్ వస్తే 1974లో, 1998లో ఆ దగ్గర్లో జరిగిన అణు పరీక్షల సంగతి ఆయనే చెప్తారు. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి ఆ బాధ్యత ఆయనకే అప్పగించండి.

డల్లాస్ పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులైతే అవి వెంట ఉండాలి, హోటళ్లలో అడుగుతారు. సరిహద్దు వైపు ప్రాంతాలకు విదేశీయులకు అనుమతులు కావాలి. తనోట్ గుడి దాకా పోవాలనుకుంటే ఆ సంగతి ముందే కనుక్కోవడం మరిది పని.

అత్తమ్మ మొక్కును ఎడారికి పోటీగా చూడకండి. మహాజాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గర వస్తుంది, డిసెంబర్‌లో ఉండదు. కానీ గద్దెల దగ్గర బెల్లం సమర్పించడానికి జాతర దాకా ఆగనక్కర్లేదు. హనుమకొండ నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇంటికి రావొచ్చు. జైసల్మేర్ కంటే ముందు, డల్లాస్ వాళ్లకు నిద్ర సర్దుకున్నాక, ఒక రోజు దానికి తీసేయండి. అత్తమ్మ అడిగింది ముందు జరిగితే రెండో ప్రయాణానికి ఆవిడే సంచి సర్దుకుంటారు.

మీ ఆయన విషయంలో పత్తి సీజన్ నిజమే, డిసెంబర్‌లో మార్కెట్ వదిలి వారం తిరగడం కుదరదు. కానీ ‘ఖర్చంతా నాదే’ అన్న తమ్ముడి మాట కూడా ఆయన్ని గుచ్చి ఉంటుందని నా అనుమానం. అమ్మానాన్నలను ఇన్నేళ్లు చూసుకున్న అన్న, నాలుగు రోజులకు తమ్ముడి అతిథి కావాలి! ఎవరి టికెట్లు వాళ్లే కొనుక్కోండి. అమ్మానాన్నల ఖర్చు ముగ్గురు కొడుకులు, కూతురు పంచుకోండి. క్యాంపు, బండ్లు డల్లాస్ మరిదికి వదిలేయండి, అతని సరదా అది. డబ్బు పెట్టినవాడిదే నిర్ణయం అనే చిక్కు దీంతో పోతుంది. మార్కెట్ సెలవులు చూసుకుని ఆయన జైసల్మేర్‌కు రెండు రోజులు వచ్చి పోయినా చాలు.

వాళ్లు ఇంట్లో ఉన్న రోజులకు వంటమనిషిని పెట్టండి. అడగడానికి మొహమాటపడకండి, ఆ జీతం కూడా ప్రయాణం ఖర్చులో భాగమే. అమెరికా డబ్బాల కోసం సకినాలు మీరు కూర్చుని చుట్టకండి. చేసి అమ్మేవాళ్లకు ఆర్డర్ ఇస్తే కిలోల లెక్కన ఇస్తారు. మీ యారాళ్లు ఇద్దరికీ చెరొక పూట పని పేరు పెట్టి చెప్పండి. ‘ఏమైనా చేయాలా అక్కా’ అని గుమ్మంలో నిలబడి అడిగేవాళ్లకు పని దొరకదు, మీకు తెలుసు.

కాజీపేట ఇంటి మాట ఆ ప్రయాణంలో వద్దు. మామయ్య సొంత సంపాదనతో కట్టినదైతే ఆయన ఉన్నంతకాలం అది ఆయనదే, ఎవరికి ఎంత అన్నది ఆయన ఇష్టం. తాతల ఆస్తి అయితే కూతురికి కూడా 2005 చట్ట సవరణ ప్రకారం కొడుకులతో సమానంగా వాటా ఉంది. ఆడబిడ్డ అడగడంలో తప్పు లేదు, అడిగే చోటు తప్పు. అందరూ తిరిగి వచ్చాక, కాగితాలు ముందు పెట్టుకుని, మామయ్య పిలిచిన రోజున కూర్చోండి. ఈ మాట ఆమెకు చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన.

ఆఖరికి, మీకు పోవాలని ఉందో లేదో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఉంటే, అక్కడ ఒక పూటైనా ఏ మందుల డబ్బా లేకుండా తిరగడానికి ముందే ఒప్పందం చేసుకోండి. లేకపోతే, ఇంట్లో మీ ఆయనతో ఉండిపోతానని చెప్పండి, అది కూడా తప్పేమీ కాదు. అప్పుడు మామయ్య షుగర్ చూసేది ఎవరు, అత్తమ్మ బీపీ మాత్రలు ఎవరి సంచిలో ఉంటాయి అన్నది పేర్లతో సహా ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ పేర్లు రాయనిదే విమానం టికెట్లు కొననివ్వకండి.