644 అని రాస్తే 1204 అయింది

చిన్నీకి,

మామయ్య ఆశీస్సులు. పైథాన్ ప్రోగ్రాములో ఫైలుకి 644 పర్మిషన్ (నువ్వు చదివి రాయొచ్చు, మిగతావాళ్ళు చదవడమే) ఇచ్చాక నీకే అది తెరుచుకోవట్లేదని ఫోన్లో టెన్షన్ పడ్డావు కదా. పర్మిషన్లు మార్చే చ్‌మోడ్‌కి కావాల్సింది ఆక్టల్ అంకె, అంటే పదికి బదులు ఎనిమిదితో లెక్కించేది. అందులో చివరి మూడంకెలు వరసగా నీవి, నీ గ్రూపువి, మిగతావాళ్ళవి; 4 అంటే చదవడం, 2 అంటే రాయడం. నువ్వు ఉత్త 644 రాశావు. పైథాన్ దాన్ని మామూలు అంకెగానే తీసుకుంది, ఆక్టల్‌లో అది 1204. అంటే ఫైలు నీదే అయినా నీకు రాసే హక్కే ఉంది, చదివే హక్కు ఊళ్ళోవాళ్ళకి పోయింది! అంకె ముందు సున్నా, దాని పక్కన ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం పెట్టు, సరిపోతుంది. ఫోల్డర్లకి మాత్రం 755 ఇవ్వు, ఆ 7లోనూ 5లోనూ కలిసున్న 1 లేకపోతే లోపలికి అడుగు పెట్టలేవు. విసుగొచ్చి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 కొట్టేయకు.

పర్మిషన్ పోతే మళ్ళీ ఇచ్చుకోవచ్చు. నా భయమంతా తేదీల గురించే. ఒకప్పుడు నేను పనిచేసిన చోట వేల స్కాన్ ఫైళ్ళని పైథాన్‌లో ఫైళ్ళు కాపీ చేసే షుటిల్‌లోని ‘కాపీ’తో కొత్త డిస్కుకి మార్చాను. పర్మిషన్లు వచ్చాయి, తేదీలు రాలేదు. తెల్లారి చూస్తే అన్నిటికీ ఆ రాత్రి తేదీయే. పాత డిస్కు అప్పటికే చెరిపేశాం. ఏది ఏ ఏడాదిదో తేల్చడానికి ఒక్కో కాగితం తెరిచి చదువుకోవాల్సి వచ్చింది. అదే షుటిల్‌లో తేదీలు కూడా తెచ్చే ‘కాపీ2’ వాడి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. అదీ ఫైలు ఓనర్ని మోసుకురాదనుకో.

అందుకే దేన్నైనా ముట్టుకునే ముందు ఫైలు వివరాలు చూపించే స్టాట్‌తో పాత సమయాలు తీసి దాచుకో, నానోసెకన్ల విలువలే తీసుకో. రాయడం అయ్యాక, ఫైలు మూశాక, అన్నిటికన్నా చివర, ఆ సమయాల్ని తిరిగి పెట్టే యుటైమ్ పిలువు. ముందే పిలిచి తర్వాత ఒక్క అక్షరం రాసినా తేదీ మారిపోతుంది. యుటైమ్‌కి ముందు ఏటైమ్ (చివరగా చదివిన సమయం), తర్వాత ఎంటైమ్ (లోపలి విషయం చివరగా మారిన సమయం) ఇవ్వాలి. స్టాట్ చూపించే మూడో సమయం, సీటైమ్ జోలికి వెళ్ళకు. లినక్స్‌లో అది ఫైలు పుట్టిన సమయం కాదు, చ్‌మోడ్ చేసినా మారుతుంది, యుటైమ్‌తో దాన్ని మనకి కావాల్సినట్టు పెట్టలేం.

ఇంకొకటి. ఈ సమయాలన్నీ 1970 జనవరి 1 నుంచి, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) ప్రకారం లెక్కపెట్టిన సెకన్లు. టైమ్‌జోన్ చెప్పకుండా ఉదయం పది అని రాస్తే, నీ ల్యాప్‌టాప్‌లో అది మన పది. యూటీసీలో ఉన్న సర్వర్‌లో నడిపితే మనకి మధ్యాహ్నం మూడున్నర. కాబట్టి జోన్ రాసి తీరాలి.

ముందు ఓ రెండు ఫైళ్ళ మీద నడిపి, ముందూ వెనకా స్టాట్ ఏం చూపించిందో నాకు పంపు. అసలు ఫోల్డర్‌ని అప్పటిదాకా ముట్టుకోకు.

మామయ్య