పండగ తేదీ మారదు, దీవుల ప్రయాణాన్ని వెనక్కి జరపవచ్చు

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1,28,000 రూపాయలు చేతికొస్తాయి. గృహరుణం వాయిదా 38,000, పిల్లల ఫీజులు 14,000, ఇంటి ఖర్చులు 52,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 12,000 పోను 12,000 మిగులుతాయి. ఏప్రిల్‌లో 60,000 బోనస్ వస్తుంది. 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. సంక్రాంతికి అందరం కోనసీమలో మా అత్తగారింట్లో కలుస్తాం. నిరుడు మాకు 85,000 ఖర్చయింది (బస్సులు 22,000, బట్టలు 26,000, ఇంటి దగ్గర ఖర్చు 37,000). వచ్చే ఫిబ్రవరిలో పిల్లలను మా అమ్మ దగ్గర ఉంచి, మేమిద్దరం అండమాన్ దీవుల్లో నడవడానికి వెళ్లాలనుకుంటున్నాం. ప్యాకేజీ 1,40,000 అంటున్నారు. డిపాజిట్ తీయమంటారా, కార్డు మీద 12 నెలల 'నో కాస్ట్ ఈఎంఐ' పెట్టుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఫీజులు, వాయిదాతో కలిపి మీ ఇల్లు గడవడానికి నెలకు 1,04,000 కావాలి. అంటే ఆ 4 లక్షలు నాలుగు నెలలకు కూడా పూర్తిగా చాలవు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా మీకు ఆధారం అదొక్కటే కాబట్టి, దాన్ని విహారానికి కదపకండి.

కార్డు వాయిదాల సంగతి ఇంకాస్త లోతుగా చూడాలి. పేరులో 'నో కాస్ట్' అని ఉన్నా, చాలా సందర్భాల్లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవారు ఆ మేరకు ధర తగ్గించినట్లు చూపుతారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైగా ప్రాసెసింగ్ రుసుము మీరే కట్టుకోవలసి వస్తుంది. అంతకన్నా నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. 1,40,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు సుమారు 11,700 అవుతుంది. మీ మిగులు 12,000 మాత్రమే. ఏడాది పొడవునా ప్రతి నెలా మీ చేతిలో మూడు వందలు మిగులుతాయి, ఆ వాయిదాలు తీరకముందే మరో సంక్రాంతి వస్తుంది, అప్పుడు పండగ ఖర్చు కూడా కార్డు మీదికే వెళుతుంది. ఆ బిల్లు పూర్తిగా కట్టలేకపోతే వడ్డీ ఏడాదికి 40 శాతం కూడా దాటిపోవచ్చు. ఇలా మొదలైన బాకీ మూడు పండగలైనా తీరని కుటుంబాలను నేను చూశాను.

భోగి, సంక్రాంతి, కనుమ ప్రతి జనవరిలోనూ వస్తాయి కాబట్టి, దాన్ని అనుకోని ఖర్చుగా కాక ఫీజుల్లాగే ముందే తెలిసిన ఖర్చుగా చూడండి. ఈ ఆగస్టు జీతం నుంచి డిసెంబరు వరకు ఐదు నెలల మిగులు 60,000 అవుతుంది. ఈసారి పండగ అందులోనే జరగాలి. నిరుడు బస్సులకే 22,000 పెట్టారంటే చివరి నిమిషంలో ప్రైవేటు ట్రావెల్స్‌ను ఆశ్రయించారని అర్థమవుతోంది. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు ఫోను చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉండాలి. రాజమండ్రి దాకా థర్డ్ ఏసీలో వెళ్లి వస్తే నలుగురికీ ఆ ఖర్చు సగానికి తగ్గుతుంది. బట్టలకు 24,000 పెట్టుకోండి. మిగిలిన 25,000 ఇంటి ఖర్చుకు సరిపోవాలంటే మీ మరిది గారితో మాట్లాడక తప్పదు. అరిసెలు, జంతికలకు కావలసిన సరుకులు, వంటమనిషి కూలి మీరు చూసుకుని, కూరగాయలు, పాలు, కనుమనాటి మాంసం ఖర్చు ఆయన్ని చూసుకోమనడంలో పెద్దరికానికి లోటేమీ లేదు. ఆ మాట మీరు కాకుండా మీవారు, పండగకు రెండు నెలల ముందే చెబితే బాగుంటుంది. అత్తగారి చేతికి ఏటా ఇచ్చే డబ్బు మాత్రం తగ్గించకండి.

జనవరి నుంచి రెండు రికరింగ్ డిపాజిట్లు తెరవండి. నెలకు 5,000 పండగకు, 7,000 ప్రయాణానికి. ఏప్రిల్ బోనస్ కూడా ప్రయాణానికే పెడితే, ఆగస్టు చివరికి 1,16,000, నవంబరు చివరికి 1,37,000 చేరతాయి. విమానం టికెట్లు సెప్టెంబరులో తీసుకుని, డిసెంబరు మొదటి పక్షంలో, క్రిస్మస్ రద్దీతో ధరలు పెరగకముందే వెళ్లిరండి. పది నెలలు ఆగడం కష్టమేనని నాకు తెలుసు, అయినా బాకీ లేకుండా తిరిగి రావడానికి ఇదే దారి.

ప్యాకేజీని కూడా ఒకసారి విప్పి చూడండి. రోజూ టాక్సీ, స్కూబా డైవింగ్, మూడు చోట్ల ఖరీదైన హోటళ్లు నడవడానికి వెళ్లేవారికి అవసరం లేదు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, ఎలిఫెంట్ బీచ్‌కు అడవిలోంచి సుమారు రెండు కిలోమీటర్ల కాలిబాట ఉంది. షహీద్ ద్వీప్, అంటే పాత నీల్ దీవి, చిన్నది, పొలాల మధ్య నుంచి ఒక తీరం నుంచి మరో తీరానికి నడిచే వెళ్లవచ్చు. అక్కడి సహజ రాతి వంతెన దాకా వెళ్లాలంటే మాత్రం ఆటు సమయం, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, కనుక్కోవాలి. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటేసరికే చీకటి పడుతుంది కాబట్టి నడక పొద్దున్నే మొదలుపెట్టండి. ఇలా విడివిడిగా కుదుర్చుకుని 1,20,000 దాటకుండా చూసుకోండి. మీలో ఎవరికైనా జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, పాత పన్ను విధానంలో ఉంటే, విమాన ఛార్జీకి మినహాయింపు అడగవచ్చు. నాలుగేళ్ల కాలావధిలో రెండు ప్రయాణాలకే ఆ వెసులుబాటు ఉంటుంది, కనుక రైలు టికెట్లకు వాడేయకుండా దీనికి దాచుకోండి, బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

దాచిన 1,37,000లో మిగిలే 17,000 ఎందుకంటే, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే దీవుల మధ్య పడవలు రద్దవుతాయి. తిరుగు విమానానికి ముందురోజే పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) చేరుకుని, ఆ రాత్రి బసకు, అవసరమైతే మరో రోజు ఆగడానికి ఆ డబ్బు చేతిలో ఉంచుకోండి.