రక్షణకు చెప్పే స్తోత్రం పాతబడకుండా

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు పేరట వందనాలు. బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరక్కుండానే స్తుతి ప్రార్థన అప్పజెప్పిన పాఠంలా వస్తోందని రాశావు. కంగారు పడకు. నువ్వు రాసి పంపిన ప్రార్థనే ఒకసారి చూడు. ఉద్యోగం, అమ్మ ఆరోగ్యం, బండి మీద క్షేమంగా తిరిగి రావడం, అన్నీ ఉన్నాయి. రక్షణ, అంటే ప్రభువు నిన్ను పాపం నుంచి విడిపించిన సంగతి, మాత్రం చివర్లో తగిలించిన ఒక్క ముక్క. మేలుల మీదే నిలబెట్టిన స్తోత్రం ఆ మేలు ఆగిన నెలలోనే ఆగిపోతుంది.

అందుకే ముందు వరస మార్చు. పొద్దున ఫోను పట్టకముందు పది నిమిషాలు చాలు. నిన్నటి పాపం ఒక్కటి పేరు పెట్టి ఒప్పుకో. "నా పాపములన్నీ" అని మూట కట్టేయకు. డాక్టరు దగ్గరికెళ్లి "ఒళ్లంతా బాగాలేదు" అంటే ఏం తెలుస్తుంది? "నిన్న ఆఫీసులో నా తప్పును పక్కవాడి మీదికి నెట్టాను" అని చెప్పు. దాని శిక్ష కూడా సిలువ మీదే తీరిందని, అదే నోటితో స్తుతించు. ఆ తర్వాత 103వ కీర్తన మొదటి ఐదు వచనాలు పైకి చదువు. దోషాల క్షమాపణ మొదట వస్తుంది, రోగాల కుదుర్పు తర్వాత, మేలులతో తృప్తిపరచడం ఆఖర్న. నీ ఉద్యోగం, బండి కూడా అక్కడే చెప్పు.

దోర్నకల్ తొలి బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, తాము బాప్తిస్మం పొందినవాళ్లమని, సువార్త ప్రకటించకపోతే తమకు అనర్థమని పలికించేవారు. నువ్వూ రోజూ స్నానం చేసేటప్పుడు తల మీద నీళ్లు పడగానే "నేను బాప్తిస్మం పొందినవాణ్ణి" అనుకో. కష్టమేమీ లేదు, మర్చిపోనూ లేవు.

ఇక అసలు సంగతి, మత్తయి 18వ అధ్యాయం. రాజు ఒక దాసుడి అప్పంతా మాఫీ చేస్తాడు, ఆ దాసుడేమో తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి వదలడు. అక్కడి లెక్క కాగితం మీద వేసి చూడు. దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. రాజు మాఫీ చేసిన 10,000 తలాంతులు ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు. తోటి దాసుడు బాకీపడ్డది 100 దేనారాలు. అది చిల్లర అని ప్రసంగాల్లో అంటుంటారు గానీ, నాకు ఒప్పదు. మూడు నెలల పైచిలుకు కూలి. రోజుకి 600 చొప్పున 60,000 రూపాయలు. నీకు జరిగిన అన్యాయం చిన్నదని ప్రభువు అనడం లేదు. నీకు మాఫీ చేసిన బాకీ పక్కన పెట్టి చూడమంటున్నాడు.

కాబట్టి ఈ వారం ఒక్క పేరు రాసుకో. నీకు డబ్బో మాటో మర్యాదో బాకీ ఉన్నవాడి పేరు. బాకీ పూర్తిగా వదలలేకపోతే గడువివ్వు, నలుగురిలో అడగడం మానెయ్. ఒక జాగ్రత్త: కొట్టేవాడి విషయంలో, పిల్లలకు హాని చేసినవాడి విషయంలో క్షమించడమంటే దాచిపెట్టడం కాదు. పోలీసులకు చెప్పాల్సింది చెప్పాల్సిందే.

నువ్వు బాకీ ఉన్నవీ చూసుకో. పన్నులు వసూలు చేసే జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఎప్పుడన్నాడు? యేసు అతని ఇంటికి వచ్చాక. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. రక్షణను వాయిదాల్లో తీర్చే అప్పు అనుకుంటారు. ఒక నెల కానుక తగ్గితే దేవుడు కోపగించాడని వణుకుతారు. ఎఫెసీ 2:8 దాన్ని దేవుని వరం అంటోంది. వరానికి వాయిదాలుండవు.

కృతజ్ఞత కూటం పెట్టాలనుకుంటున్నావట. అప్పు చేసి బిరియానీ పెట్టకు. లేవీయకాండం 7:15 ప్రకారం కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినాలి, మర్నాటికి ఉంచకూడదు. అంటే నలుగురికీ పంచితేనే తీరుతుంది. ఇరవై మందికి అన్నం, పప్పు, ఒక కూర చాలు. వాచ్‌మన్ కుటుంబం కూడా పంక్తిలో కూర్చోవాలి. పొట్లం కట్టి గేటు దగ్గరికి పంపకు.

రోజువారీకి మిజోరం సంఘాల పద్ధతి బాగుంటుంది. అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. గుప్పెడు 50 గ్రాములనుకున్నా నెలకు కిలోన్నర. అది నెలాఖరున చూసేవాళ్లు లేని పెద్దావిడకు చేరాలి. ఫోటో తియ్యకు.

సాక్ష్యం చెప్పమంటే మూడు నిమిషాల్లో ముగించు. తాగుబోతువి కాకపోతే కాదనే చెప్పు. పాత బతుకును పెంచి చెప్తే స్తోత్రం నీకే వస్తుంది.

ఏమీ అనిపించని రోజులు వస్తాయి. 1 థెస్సలొనీక 5:18లో "ప్రతి విషయమునందును" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది, ప్రతి విషయం కోసం అని కాదు. చావింటికెళ్లి "స్తోత్రం చెప్పండి" అనకు. పక్కన కూర్చో, చాలు.

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉందిగా. అప్పగింపబడిన రాత్రే ప్రభువు రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడని గుర్తుంచుకో. రాసుకున్న ఆ పేరుగల మనిషికి శనివారం రాత్రే ఫోను చెయ్యి. ఆదివారం పొద్దున హడావుడిలో కుదరదు.

ప్రభువునందు,
నీ పెద్దన్న