పాఠకుల ప్రశ్నలు: పడిందంటారు, ఎక్కడ పడింది?

ప్రశ్న: మూడు వారాలు ఉపాధి పనికి పోయినాను. నాతో గుంత తవ్వినోళ్లందరికీ కూలీ పడింది, నాకు పడలేదు. ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగితే "నీకూ పడింది, ఆన్‌లైన్‌లో చూపిస్తా ఉంది" అంటాడు. నా పాసుబుక్కులో ఒక్క రూపాయీ లేదు. ఏం చేసేది?
– ఒక పాఠకురాలు, ఏర్పేడు మండలం

జవాబు: ఆయన మాటా నిజమే, మీ మాటా నిజమే అయ్యుండొచ్చు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలీ ఖాతా నంబరును బట్టి కాకుండా ఆధార్‌ను బట్టి జమ అవుతోంది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్నది ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఒక పట్టికలో ఉంటుంది. ఒక ఆధార్‌కు అందులో ఒక్క బ్యాంకే. చివరిసారి సీడింగ్ (ఆధార్‌ను బ్యాంకుకు ముడివేయడం) ఎక్కడ జరిగిందో డబ్బు అక్కడికే పోతుంది, మీరు జాబ్ కార్డు మీద ఏ ఖాతా రాయించినా సరే.

కాబట్టి ముందు గుర్తు చేసుకోండి. ఈ మధ్య పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచాడా? సిమ్ కార్డు కొన్న కొట్టులో రెండుసార్లు వేలిముద్ర వేయించుకున్నారా? పొదుపు సంఘం కోసం ఇంకో బ్యాంకులో ఆధార్ ఇచ్చారా? పోయిన కూలీ చాలావరకు ఇలాంటి చోటే దొరుకుతుంది.

సరిగ్గా తెలుసుకోవాలంటే మైఆధార్ వెబ్‌సైటులో ఆధార్ నంబరుతో లాగిన్ అయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" నొక్కండి. బ్యాంకు పేరు, యాక్టివా కాదా, ఏ తేదీన మారింది అన్నీ కనిపిస్తాయి. ఓటీపీ ఆధార్‌లో ఉన్న ఫోన్‌కే వస్తుంది. ఆ నంబరు వాడకంలో లేకపోతే గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను ఎన్‌పీసీఐ స్టేటస్ చూడమనండి.

వేరే బ్యాంకు పేరు వస్తే డబ్బు భద్రంగానే ఉంది, అక్కడికెళ్లి తీసుకోండి. ఇకపై పాత ఖాతాకే రావాలంటే ఆ ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు ఆధార్ జిరాక్సు, పాసుబుక్కు తీసుకెళ్లి ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం ఇవ్వండి. అందులో "వేరే బ్యాంకు నుంచి మార్పు" అన్న గడిలో టిక్కు పెట్టి, ఇప్పుడు డబ్బు పోతున్న బ్యాంకు పేరు రాయాలి. చాలామంది బోల్తా పడేది ఈ కౌంటర్ దగ్గరే. "ఆధార్ లింకయ్యే ఉందమ్మా" అని పంపించేస్తారు. అది కేవైసీకి (ఖాతాదారు ఎవరో గుర్తించడానికి) లింకు. మీరు అడగాల్సింది డీబీటీ (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో పడడం) కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్, ఆ మాటే వాడండి. రసీదు తీసుకుని, కొన్ని రోజులాగి స్టేటస్ మళ్లీ చూడండి.

స్టేటస్‌లో మీ పాసుబుక్కున్న బ్యాంకు పేరే వచ్చి, అందులో డబ్బు లేకపోతే చెల్లింపు రిజెక్ట్ అయి ఉంటుంది. ఎంపీడీవో ఆఫీసులో ఉపాధి హామీ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర మీ జాబ్ కార్డు నంబరు చెప్పి కారణం అడగండి. ఆధార్ ఇనాక్టివ్ అనో, ఖాతా ఫ్రీజ్ అనో వస్తుంది. జన్‌ధన్ ఖాతాలు మొదలైంది 2014లో. పదేళ్లు దాటినవాటికి మళ్లీ కేవైసీ అడుగుతున్నారు, చేయించకపోతే ఖాతా ఆగిపోతుంది. లోపం సరిచేయించాక అదే ఆపరేటర్‌కు మళ్లీ చెప్పాలి. రిజెక్ట్ అయిన కూలీని ఆఫీసు నుంచి తిరిగి పంపితేనే వస్తుంది. బ్యాంకులో పనయిపోయిందని ఇంట్లో కూర్చుంటే నెలలు గడిచిపోతాయి.

ప్రశ్న: రోజుకు 307 రూపాయలని పేపర్లో చదివినాను. మా గుంపుకు 241 లెక్కనే పడింది. మిగతాది ఎవరు తిన్నట్టు?
– ఒక పాఠకుడు, గుడిపాల మండలం

జవాబు: ఎవరో తిన్నారనే ముందు కొలతల పుస్తకం చూడాలి. 307 అన్నది 2025-26లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న రోజు కూలీ రేటు. కాలువలు, కుంటల వంటి మట్టిపనికి మాత్రం తవ్విన పరిమాణాన్ని బట్టి లెక్క కడతారు. పది మంది ఆరు రోజులు చేస్తే 60 పనిదినాలు. టెక్నికల్ అసిస్టెంట్ పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఆ మట్టికి 14,460 రూపాయలని తేలిస్తే, 60తో భాగించగా తలా 241. అంతా 307 అందుకోవాలంటే 18,420 రూపాయల పని తేలాలి.

తగ్గడానికి కారణాలు మామూలుగా మూడు. గట్టి మొరం నేలను మెత్తనేలగా రాయడం మొదటిది. నేల రకం మారితే ఘనపు మీటరు రేటు మారుతుంది. మీ వైపు గుట్టల కింద పైన జానెడు ఎర్రమట్టి, కింద గడ్డపార దిగని నేల. పైమట్టి చూసి రాసేస్తే మీ చెమటకు లెక్కుండదు. గడ్డపార దిగని చోటికి చేరిన రోజే టెక్నికల్ అసిస్టెంట్‌ను పిలిచి చూపించండి, వారం ఆఖరున కాదు. రెండోది, వాన పడి గెనిమ మట్టి గుంతలోకి జారాక కొలవడం. తవ్వేటప్పుడే మధ్యలో ఒక మట్టి దిమ్మె తవ్వకుండా వదిలితే అసలు లోతెంతో అదే చెబుతుంది. మూడోది చెప్పడానికి ఇబ్బందే గానీ చెప్పాలి: పేరు మస్టర్‌లో (హాజరు పట్టీలో), మనిషి ఇంట్లో. అరవైతో భాగించేటప్పుడు ఆ పేరూ లెక్కలోకొస్తుంది, మీ కూలీ తరుగుతుంది.

కొలిచేటప్పుడు మీలో ఒకరు టేపు రెండో కొస పట్టుకోండి. మూడు అంకెలూ రాసుకోండి.

ఇంకో మాట. మస్టర్ ముగిశాక 15 రోజుల్లో కూలీ రాకపోతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. ఆరు రోజులకు 1,842 రూపాయలు రావాల్సి ఉండి, అది నెల రోజులు ఆలస్యమైతే సుమారు 27 రూపాయల 60 పైసలు. టీ ఖర్చే అనుకోండి, అయినా అడిగితే ఆలస్యం ఎవరి బల్ల దగ్గర జరిగిందో కాగితం మీదికొస్తుంది.

ప్రశ్న: పెళ్లయి చంద్రగిరి మండలానికి వచ్చినాను. పేరు మా అమ్మవాళ్ల జాబ్ కార్డులోనే ఉంది. ఇక్కడ నాకు వేరే 100 రోజులు ఇస్తారా?

జవాబు: 2005 ఉపాధి హామీ చట్టం ఇచ్చిన వంద రోజులు మనిషికి కాదు, కుటుంబానికి. అక్కడ పేరు తీయించి, ఇక్కడ భర్త కార్డులో చేర్పించుకోండి. అత్తగారింట్లో ఇప్పటికే 60 రోజులు వాడి ఉంటే ఆ వందలో మీ అందరికీ కలిపి మిగిలింది 40. పని అడిగేటప్పుడు నోటితో కాకుండా కాగితం మీద అడిగి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపించకపోతే మొదటి 30 రోజులకు కూలీలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత సగం నిరుద్యోగ భృతి రావాలి. రసీదు లేకపోతే అడిగినట్టే కాదు.

ప్రశ్న: తల్లికి వందనం (బడి పిల్లల తల్లులకిచ్చే సాయం) మాకు రాలేదు. కరెంటు 300 యూనిట్లు దాటిందంటున్నారు. మా ఇంట్లో రెండు లైట్లు, ఒక ఫ్యాను!
– తిరుపతి

జవాబు: మీ ఆధార్ మీద ఎన్ని మీటర్లున్నాయో చూడండి. అద్దెకిచ్చిన భాగం, అమ్మేసిన ఇల్లు, మామగారి ఇల్లు, అన్నీ ఒకే ఆధార్‌కు తగిలించి ఉంటే యూనిట్లు కలిసిపోతాయి. సచివాలయంలో ఏ సర్వీసు నంబర్ల వల్ల అనర్హత వచ్చిందో రాయించుకోండి. వాటిలో మీవి కానివాటి నుంచి మీ ఆధార్ తీసేయమని విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. అక్కడిచ్చే కాగితంతో సచివాలయంలో అభ్యంతరం నమోదు చేయించండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, అర్జీ నంబరు దాచుకోండి. మంజూరయ్యాక పిల్లకు 15,000 బదులు 13,000 పడితే కంగారు పడకండి. 2,000 బడి నిర్వహణకు పట్టుకుంటారు. ఆ డబ్బూ ఆధార్‌ను బట్టే తల్లి ఖాతాకు వస్తుంది, కనుక మొదటి జవాబులో చెప్పిన సీడింగ్ మీరూ చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మ రెండు నెలలు బెంగళూరులో చెల్లెలింట్లో ఉంటుంది. వృద్ధాప్య పింఛను పోతుందా?
– బంగారుపాళ్యం

జవాబు: పోదు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడూ కలిపి 12,000 ఇస్తారు. ఆ మూడో నెల మాత్రం తప్పకుండా ఊళ్లో ఉండాలి. అదీ తప్పితే శాశ్వతంగా వలసపోయినట్టు రాసి ఆపేస్తారు. ఒకటో తేదీ సెలవైతే ముందు రోజే పంచుతారు, బస్సు టికెట్ దాన్ని చూసుకుని తీయండి.