పాప చదువుకు పది లక్షలు: రోజుకు వందతో మొదలు

ప్రశ్న: మేము తెనాలిలో టిఫిన్ బండి నడుపుతున్నాం. సరుకుల ఖర్చు పోను రోజుకు ఎనిమిది, తొమ్మిది వందలు మిగులుతున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండడం లేదు. గ్రైండర్ మోటారు కాలిపోతే రోజువారీ ఫైనాన్సులో అప్పు చేశాం. 10,000కు రాసుకుని చేతికి 9,000 ఇచ్చారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వాన పడి బండి పెట్టని రోజు కూడా తప్పకుండా కట్టాం, ఇంకా 40 రోజులు ఉంది. పాపకు ఆరేళ్లు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి చదువుకు 10 లక్షలు కూడబెట్టాలని ఉంది కానీ ఆ అంకె తలచుకుంటేనే భయమేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో నేను రెండోసారి చదివిన వాక్యం వాన రోజు గురించినది. బేరం లేని రోజు కూడా 100 రూపాయలు తీసి కట్టగలిగారంటే, మీ ఆదాయంలోంచి అంత మొత్తం పక్కన పెట్టడం సాధ్యమేనా అన్న సందేహానికి మీరే జవాబు చెప్పేశారు. ఇప్పుడు ఆ వంద ఫైనాన్సు వారికి చేరుతోంది. నలభై ఒకటో రోజు నుంచి అదే వంద, అదే వేళకు, మీ ఇంటి కోసం నిలవాలి.

ముందు ఈ అప్పు సంగతి. వడ్డీ వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మీరు మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నందువల్ల ఆ 9,000 పూర్తిగా మీ దగ్గర ఉన్నది ఒక్క రోజే; తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్క కడితే ఇది నెలకు నూటికి ఆరు రూపాయల పైన పడుతుంది. అందుకే ఇది తీరాక మళ్లీ ఆ గుమ్మం తొక్కకుండా ఉండేందుకు, పాప చదువు కంటే ముందు ఒక చిన్న గమ్యం పెట్టుకోవాలి. బాకీ తీరిన మర్నాటి నుంచి 90 రోజుల పాటు ఆ వందను బ్యాంకు పొదుపు ఖాతాలో వేస్తే 9,000 అవుతుంది. మళ్లీ మోటారు కాలినా, జ్వరం వచ్చి వారం రోజులు బండి ఆగినా ఆ డబ్బే ఆదుకుంటుంది.

ఇక రోజూ చేయవలసిన పని. రేపటి ఇడ్లీకి ఈ మధ్యాహ్నమే మినప్పప్పు నానబోస్తారు, సాయంత్రం రుబ్బిపెడతారు; నెలకు సరిపడా పప్పు ఒకే రోజు నానబోయడం ఎలా కుదరదో, మిగిలినదంతా నెలాఖరున ఒకేసారి దాచుదామనుకోవడమూ అలాగే కుదరదు. బండి కడిగి, గల్లాపెట్టె బోర్లించి చిల్లర లెక్కపెట్టే ఆ పది నిమిషాల్లోనే ఒక నోటుపుస్తకంలో మూడు అంకెలు రాయండి: గల్లాకు ఎంత వచ్చింది, ఫోన్‌కు ఎంత వచ్చింది, సరుకులకు ఎంత ఇచ్చారు. మీ వంటి చిరు వ్యాపారాల్లో డబ్బు ఎక్కువగా జారిపోయేది రెండో అంకె దగ్గరే. గల్లాలోని నోట్లు కంటికి కనిపిస్తాయి. ఫోన్‌కు వచ్చిన సొమ్ము మాత్రం రీచార్జికీ, ఎవరో అడిగిన చేబదులుకూ తెలియకుండానే వెళ్లిపోతుంది. వందను విడిగా డబ్బాలో వేసిన తరువాతే ఇంటి ఖర్చుకు తీయండి, వారానికొకసారి దాన్ని ఖాతాలో జమ చేయండి.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఉడిపిలో పుట్టిన సిండికేట్ బ్యాంకు 1928లోనే పిగ్మీ డిపాజిట్ పేరుతో చిన్న వ్యాపారుల గుమ్మం దగ్గరికి వెళ్లి రోజుకు రెండణాలు కూడా వసూలు చేసేది.

తొంభై రోజులు గడిచాక నెలకు 3,000 చేతికొస్తుంది. అందులో 2,000 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు, 1,000 పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాకు కేటాయించమంటాను. రికరింగ్ డిపాజిట్ ఐదేళ్లది, 6.7 శాతం వడ్డీతో నెలకు 2,000 కడితే చివరికి సుమారు 1,42,700 వస్తుంది. వాయిదా తప్పితే నూటికి రూపాయి చొప్పున అపరాధ రుసుము పడుతుంది. ఏడాది పాటు కట్టాక అందులో సగం వరకు అప్పు తీసుకునే వీలుంది. సుకన్య ఖాతా పదేళ్ల లోపు ఆడపిల్లలకే తెరుస్తారు, ఏడాదికి కనీసం 250 కట్టాలి. 2024 జనవరిలో దాని వడ్డీని 8.2 శాతం చేశారు. ప్రతి మూడు నెలలకూ ప్రభుత్వం సమీక్షిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండాక లేదా పదో తరగతి పూర్తయ్యాక చదువు కోసం నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు, మిగతాది ఖాతా తెరిచిన 21 ఏళ్లకు చేతికొస్తుంది. ఆ సగం నిబంధన వల్లే మొత్తం డబ్బు ఇందులో పెట్టమనడం లేదు.

వడ్డీ రేట్లు ఇలాగే ఉండి, ఐదేళ్లు పూర్తయిన డిపాజిట్‌ను ముట్టుకోకుండా మళ్లీ పొదుపులోనే పెడితే, పన్నెండేళ్లకు రెండూ కలిసి ఆరున్నర లక్షలు దాటుతాయి. వందతోనే 10 లక్షలు చేరవని దాపరికం లేకుండా చెబుతున్నాను. కానీ ప్రతి ఉగాదికీ రోజువారీ మొత్తాన్ని 20 రూపాయలు పెంచుతూ పోతే, చివరి ఏడాదికి రోజుకు 320 అవుతుంది, మీరు భయపడుతున్న ఆ అంకె దాటుతుంది. ప్లేటు ధర పెంచిన ఏడాది ఆ ఇరవై మీకు బరువనిపించదు.

బండి దగ్గరికే వచ్చి రోజూ వసూలు చేసుకుంటామనే ప్రైవేటు వ్యక్తులకు మాత్రం ఈ డబ్బు ఇవ్వకండి. పోస్టాఫీసు తరఫున వచ్చే మహిళా ఏజెంటుకు ఇస్తే, కట్టిన ప్రతిసారీ కార్డులో సంతకం తీసుకుని, నెలకొకసారి పాస్‌బుక్కులో పడిందో లేదో చూసుకోండి.

ఈ నలభై రోజులూ ఖాళీగా ఉండనవసరం లేదు. ఫైనాన్సుకు కట్టే వందతో పాటు రోజుకు 20 రూపాయలు డబ్బాలో వేయండి. పదమూడు రోజులకు 260 అవుతుంది. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్, ఫొటోలు తీసుకుని మీకు దగ్గరలోని పోస్టాఫీసుకు వెళ్లి, ఆ డబ్బుతోనే సుకన్య ఖాతా తెరవండి.