శ్రీశైలం నడకకు వాకీటాకీలు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

ఉగాదికి ముప్పై మందితో ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి నడిచిపోతున్నామని, అడవిలో ఫోన్లు పలకవు కాబట్టి వాకీటాకీలు కొనాలని రాశావు. పెట్టె మీద వేసిన కిలోమీటర్లు చూసి మాత్రం కొనొద్దు. ఎదురెదురుగా కనబడే రెండు గుట్టల మీద నిలబడితే వచ్చే దూరం అది. నల్లమలలో చెట్లు, మలుపులు అడ్డం. ఒక కిలోమీటరు అందితే చాలనుకుని ఏర్పాట్లు చేసుకో.

ఐదు వాట్ల సెట్లు చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. వాటికి లైసెన్సు కావాలి. పైగా కొండ అడ్డమొస్తే ఐదు వాట్లయినా ఆగిపోతాయి. 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేనివి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే సెట్లు. అమ్మేవాణ్ని ఈటీఏ, అంటే ఆ మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చిన ఆమోదం, సర్టిఫికెట్ నంబరు అడుగు. చెప్పలేకపోతే వేరే అంగడి చూసుకో.

నాలుగు సెట్లు కొను, అన్నీ ఒకే మోడల్ తీసుకో. ముందొకటి, నడుమ ఒకటి, వెనకొకటి, నాలుగోది అదనం. బయల్దేరేముందే అన్నిట్లో ఒకే ఛానెల్, ఒకే టోన్ కోడ్ (మాటతోపాటు పోయే గుర్తు) పెట్టు. ఛానెల్ ఒకటే అయినా టోన్ తేడా పడితే అవతలివాడి మాట నీకు వినబడదు, సెట్టు చెడిపోయిందనుకుంటారు. టోన్ పెడితే మీ మాటలు రహస్యమవుతాయనీ అనుకోవద్దు. బయటివాళ్ల మాటలు మీకు వినబడకుండా చేయడమే దాని పని.

బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడమని అందరికీ చెప్పు, లేకుంటే మొదటి మాట తెగిపోతుంది. ఏరియల్ నిటారుగా ఉండాలి. సంచిలో బటన్ నొక్కుకుపోతే ఛానెల్ మొత్తం మూగబోతుంది, అందుకే నొక్కిన బటన్‌ను కొంతసేపటికి తనంతట తానే ఆపేసే టైమౌట్ 60 సెకన్లకు పెట్టు. గొంతు వినగానే తనంతట తానే పలికే వాక్స్ ఆపేయి. ఎగశ్వాసకు, గాలికి కూడా అది మేల్కొంటుంది.

అసలు చిక్కు దారిలో లోయలోకి దిగే భీముని కొలను దగ్గర. లోయలో ఉన్నవాళ్ల మాట గట్టు దాటి పోదు. దిగేముందు ఒకణ్ని అదనపు సెట్టుతో గట్టునే నిలబెట్టు. ముందువాళ్లు లోయ అవతల మెట్ల పైనున్న కైలాస ద్వారం ఎక్కాక అక్కడొకణ్ని ఆపండి, చివరి మనిషి ఎక్కేదాకా కదలకూడదు. వెనకవాళ్ల మాట విని ముందుకు, ముందువాళ్ల మాట విని వెనక్కు అందించేది ఆ ఇద్దరే. ఈ ఏర్పాటు లేకుంటే ఎంత ఖరీదైన సెట్టయినా దండగ.

టైప్ సీ ఛార్జింగ్ ఉన్నవైతే పవర్ బ్యాంకుతో గడిచిపోతుంది. ఎండలో బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, బ్యాటరీ పాడవుతుంది.

సెట్లు వచ్చాక ఒకరు కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు మీద నిలబడండి, ఇంకొకరు కిందికి దిగి గట్టు వెనక్కి నడవండి. మాట ఎక్కడ తెగిందో కాగితం మీద రాసి నాకు పంపు.

మీ మామ