యూత్ పరిచర్య మొదలుపెట్టే తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

యవ్వనస్తుల కూడిక నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. ఏం చదవాలో రాయమన్నావు. ఆటలు, స్కిట్లు, క్విజ్‌లు నేర్పే పుస్తకాలు బోలెడు దొరుకుతాయి, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు మార్కు సువార్త చదువు. పదహారు అధ్యాయాలూ ఒకే సాయంత్రం, పైకి చదువు. వచనాలు ఏరుకుంటూ పోతే మన వర్తమానానికి పనికొచ్చే ముక్కలు దొరుకుతాయి గానీ, యేసు కనబడడు.

తర్వాత కీర్తనలు, ముఖ్యంగా 88వది. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు ఒకరోజు కూడిక అయ్యాక చాపలు చుడుతున్నాం. పదో తరగతి అబ్బాయి ఒకడు, "అన్నా, రాత్రి నాన్న తాగొచ్చి అమ్మను కొడుతుంటే ప్రార్థన చేశాను. ఆగలేదు" అన్నాడు. "అంతా మేలుకే" అని భుజం తట్టాను. చాప అంచు పట్టుకున్న వాడి చేతులు కాసేపు కదల్లేదు. మళ్లీ కూడికకు రాలేదు. ఆ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు రాదు. అలాంటి మొరకు కూడా దేవుడు తన గ్రంథంలో చోటిచ్చాడని నేను అప్పటికే గ్రహించి ఉంటే, వాడి పక్కన కూర్చునేవాణ్ణి.

ఆ తర్వాత అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్ వచ్చి 1912లో బిషప్ అయ్యారు. అంతకుముందు ఏళ్ల తరబడి వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘానికి కార్యదర్శిగా యువకుల మధ్య తిరిగిన మనిషి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీ ఆస్తి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని మిషనరీల ఎదుటే అడిగారు. ఆ ప్రసంగం చదివేటప్పుడు మిషనరీల చోట నిన్ను, ఆయన చోట మీ సంఘంలో కుర్రాణ్ణి పెట్టుకో. మనం క్యాంపులో బిర్యానీ పెడతాం, టీషర్టులు ఇస్తాం. వాడింటికి ఎన్నిసార్లు వెళ్లాం?

ఇంగ్లీషులో చదవగలవు కాబట్టి జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ రాసిన 'లైఫ్ టుగెదర్' కూడా. పాస్టర్లను తయారుచేసేందుకు తాను నడిపిన సెమినరీని 1937లో హిట్లర్ రహస్య పోలీసులు, గెస్టపో, మూసేశాక రాసిన చిన్న పుస్తకం. సహవాసం కన్నా దాని గురించి తాను కన్న కలనే ఎక్కువ ప్రేమించేవాడు ఆ సహవాసాన్ని పాడుచేస్తాడంటాడు. మొదటి కూడికకు నలభై మంది వస్తారనుకుంటావు, ఆరుగురు వస్తారు. ఆ రాత్రే ఆ పేజీలు తియ్యి.

ఒక్కడివే చదవకు. ఇంటర్ చదివే ఇద్దరు ముగ్గుర్ని, ఆడపిల్లల్ని కూడా, పిలిచి కూర్చోబెట్టుకో. వాళ్లడిగే ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకో, జవాబుకు తొందరపడకు. మార్కు అయ్యాక ఫోన్ చెయ్యి, నేనూ ఈ వారం మళ్లీ చదువుతాను.

మీ అన్న